ప్లికర్స్ కార్డులు: ఒక టర్మంతా వాడి చూశాక

తొమ్మిదో తరగతికి ఫిజిక్స్ చెబుతాను. "అర్థమైందా?" అంటే 38 మందీ ఒక్క గొంతుతో "అయ్యింది మేడమ్" అంటారు. ఎంత అయ్యిందో పేపర్లు దిద్దేటప్పుడు తెలుస్తుంది. ఆ సంగతేదో క్లాసు మధ్యలోనే తెలుసుకుందామని, పిల్లలందరూ ఒకేసారి జవాబు చెప్పగలిగే సాధనాలు మూడు రకాలు వాడి చూశాను.

మొదట క్లికర్లు. చిన్న రిమోట్లలా ఉంటాయి. బటన్ నొక్కితే ల్యాప్‌టాప్‌కి పెట్టిన రిసీవర్‌కి సిగ్నల్ వెళ్తుంది. పనిచేసిన రోజు బాగానే ఉండేది. కానీ పంచడానికి ఐదు నిమిషాలు, లెక్కపెట్టి తీసుకోవడానికి మరో ఐదు, మధ్యలో "మేడమ్, నాది వెలగట్లేదు". పీరియడ్లో బ్యాటరీలు మార్చే ఉద్యోగం నాకొద్దనిపించి పెట్టెను బీరువా ఎక్కించాను.

తర్వాత ఫోన్లలో ఆడే క్విజ్. మ్యూజిక్, రంగులు, త్వరగా నొక్కితే ఎక్కువ పాయింట్లు. క్లాసు ఎంత హోరెత్తిందంటే పక్క సెక్షన్ టీచరు వచ్చి తొంగిచూసింది. నాలుగో వారానికి గమనించాను, ప్రశ్న చదవకముందే వేలు పడిపోతోంది. పైన ఎప్పుడూ ఆ నలుగురి పేర్లే. కిందున్నవాళ్లు ఏదో ఒక రంగు నొక్కేసి నవ్వుకుంటున్నారు. ఫిజిక్స్‌లో ఆగి ఆలోచించినవాడికే పాయింట్లు తగ్గడం నాకు మింగుడుపడలేదు. నిర్వచనాలు తిరగేసే రివిజన్ రోజున మాత్రం ఇప్పటికీ వాడతాను.

ఇక ప్లికర్స్. పిల్లల చేతిలో ఉండేది ఒక కాగితం కార్డే. దాని మీద నలుపు-తెలుపు గళ్ల బొమ్మ. ఒక్కో కార్డుకి ఒక్కో ఆకారం. నాలుగు అంచుల్లో ఎ, బి, సి, డి. తన జవాబు పైకి వచ్చేలా తిప్పి పట్టుకుంటే, నేను ఫోన్ కెమెరాను క్లాసు మీదుగా ఒకసారి తిప్పుతాను. ఎవరు ఏది ఎంచుకున్నారో నా ఫోన్లో పడుతుంది. అక్షరాలు చాలా చిన్నవి, కార్డులన్నీ వేరు వేరు కాబట్టి పక్కవాడిని చూసి తిప్పడం కుదరదు. మామూలు సెట్టులో 40 కార్డులు. మాకు రెండు మిగిలాయి.

మొదటి రోజే అడిగాను: పైకి విసిరిన బంతి అన్నిటికంటే ఎత్తున ఉన్న క్షణంలో దాని త్వరణం ఎంత? 19 మంది సున్నా అన్నారు. సరైన జవాబు (అప్పుడు కూడా గురుత్వ త్వరణమే, కిందికి 9.8 మీ/సె²) 14 మందిది. అంతకుముందు రోజే ఆ పాఠం చెప్పి, బాగా చెప్పానని సంతోషించాను కూడా! జవాబు బయటపెట్టకుండా "పక్కవాళ్లని ఒప్పించండి" అన్నాను. రెండు నిమిషాలు గోల. ఎప్పుడూ నోరెత్తని వెనక బెంచీ అమ్మాయి, "వేగం సున్నా అయితే త్వరణం కూడా సున్నా ఎందుకవ్వాలి? అలాగైతే బంతి అక్కడే ఆగిపోవాలిగా" అంటోంది. మళ్లీ కార్డులెత్తితే 30 మందిది సరైంది.

ఇది నా తెలివేం కాదు. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ 1990ల మొదట్లో తన ఫిజిక్స్ క్లాసులో మొదలుపెట్టిన పద్ధతి. సరైన జవాబులు 30 నుంచి 70 శాతం మధ్య ఉంటే ఆ చర్చకి ఫలితం ఎక్కువంటాడాయన. అంతకంటే తక్కువైతే పాఠం మళ్లీ చెప్పుకోవాల్సిందే. క్లికర్లనీ అట్టకార్డులనీ పోల్చి చూసి నథానియల్ లాస్రీ అనే ఫిజిక్స్ అధ్యాపకుడు 2008లో రాసిందేమిటంటే, ఈ పద్ధతిలో రెండింటితోనూ పిల్లలు నేర్చుకోవడంలో తేడా రాలేదని. నా బీరువాలో పెట్టెను తలుచుకుని నిట్టూర్చాను.

ఇబ్బందులు లేకపోలేదు. లెక్క వేసి చూపించాల్సిన ప్రశ్నకి ఇది పనికిరాదు. నిజమే అనిపించే తప్పు జవాబులు రాయడానికి నాకు ఒక్కో ప్రశ్నకి అరగంట పడుతోంది. మెరిసే లామినేషన్ చేయించడం నా తప్పు: ట్యూబ్‌లైట్ వెలుతురు పడి కెమెరా కొన్నిటిని పట్టుకోలేదు. ఈసారి దళసరి కాగితం మీద ప్రింట్ తీస్తున్నాను. 17వ కార్డు ఎలాగూ కొత్తది కావాలి, దాని యజమాని గళ్ల మీద మీసాలు గీశాడు.