చేప బీజకణాలను వెలిగించడానికి వాసా ప్రమోటరా, ఆర్ఎన్ఏ ఇంజెక్షనా?

అండాలుగా, శుక్రకణాలుగా మారబోయే ఆదిమ బీజకణాలు చేప పిండంలో కొద్దిగానే ఉంటాయి. మిగతా కణాల మధ్య వాటిని గుర్తుపట్టాలంటే పచ్చగా మెరిసే జీఎఫ్‌పీ ప్రొటీన్ వాటిలోనే తయారవ్వాలి.

తొందరగా అయ్యేది ఇంజెక్షన్. జీఎఫ్‌పీ తయారీకి సూచన ఇచ్చే ఆర్ఎన్ఏకి నానోస్3 జన్యువు తోక భాగాన్ని తగిలించి, ఒకే కణంగా ఉన్న పిండంలోకి ఎక్కిస్తారు. మామూలు కణాల్లో మిర్-430 అనే చిన్న ఆర్ఎన్ఏ దాన్ని నాశనం చేస్తుంది. బీజకణాల్లో మాత్రం డెడ్ ఎండ్ ప్రొటీన్ అడ్డుపడి కాపాడుతుంది. జీబ్రాఫిష్‌లో ఈ కణాలు నాలుగు గుంపులుగా బయల్దేరి, 24 గంటల్లో బీజకోశం ఏర్పడే చోటికి చేరతాయి. ఆ ప్రయాణం చూడ్డానికి నా ఓటు దీనికే. కాకపోతే ఎక్కించిన ఆర్ఎన్ఏ కొన్నాళ్లకి అయిపోతుంది, వెలుగూ తగ్గిపోతుంది.

వాసా బీజకణాల్లో పనిచేసే జన్యువు, దాన్ని ఆన్ చేసే డీఎన్ఏ భాగమే వాసా ప్రమోటర్. దానికి జీఎఫ్‌పీ జన్యువును తగిలించే ఈ పద్ధతిలో అది చేప డీఎన్ఏలోనే స్థిరపడుతుంది, తరతరాలకీ అందుతుంది. ఇలాంటి చేపల వంశం (లైన్) సిద్ధం కావడానికి ఓపిక కావాలి, జీబ్రాఫిష్ పెద్దవడానికే సుమారు మూడు నెలలు. కానీ అండాశయం, వృషణం ఎదుగుదలను నెలల తరబడి చూడాలంటే ఇదే దారి. రెయిన్‌బో ట్రౌట్‌లో ఇలా మెరిసే కణాలను ఏరి మాసు సాల్మన్ పిల్లల్లో నాటితే, ఆ సాల్మన్‌ల నుంచి ట్రౌట్ పిల్లలు పుట్టాయి. 2004లో వెలువడిన ఈ ఫలితం నిజంగా అద్భుతం!

ఒక జాగ్రత్త: ట్రాన్స్‌జీన్ (ఇలా చేర్చిన జన్యువు) తల్లి నుంచి వస్తే, తల్లి అండంలో దాచిన జీఎఫ్‌పీ కూడా తొలి పిండంలో మెరుస్తుంది. పిండం సొంత జన్యువు ఎప్పుడు మొదలైందో తెలియాలంటే ట్రాన్స్‌జీన్ తండ్రి వైపు నుంచి రావాలి.