డీప్ క్లీనింగ్ చేయిస్తే ఇల్లు కొత్తదైపోదండీ (బెజవాడలో ఒక లోకల్ టీమ్‌కి నా 4 స్టార్లు)

మా పక్క ఫ్లాట్ ఆంటీ గారు 1 స్టార్ ఇచ్చిన టీమ్‌కే నేను 4 ఇస్తున్నా. అదే మనుషులు, అదే మెషీను, అదే అపార్ట్‌మెంటు, మధ్యలో ఒక్క గోడ తేడా. చదివేవాళ్ళకి ఇదేంట్రా బాబూ అనిపిస్తుంది కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తున్నా, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి. పేరు మాత్రం పెట్టట్లేదు, కొన్ని మైనస్‌లు కూడా రాస్తున్నా కదా, పైగా ఈ పనిలో ఆ రోజు ఎవరొస్తే వాళ్ళ చేతి పనే, ఇవాళ మాకు మంచోళ్ళు వచ్చారని రేపు మీకూ వాళ్ళే వస్తారని ఏం లేదు.

మాది కానూరు వైపు పాత అపార్ట్‌మెంట్, డబుల్ బెడ్‌రూం. బోరు నీళ్ళు. ఈ ఒక్క ముక్క చెప్తే బెజవాడ వాళ్ళకి మిగతాదంతా అర్థమైపోతుంది. ఆర్‌ఓ ఫిల్టర్ బిగించడానికి వచ్చినతను మీటర్ పెట్టి చూపించాడు, టీడీఎస్ (నీళ్ళలో కరిగి ఉన్న ఉప్పుల లెక్క) వెయ్యి పైనే ఉంది, తాగే నీళ్ళకి లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిదని మన దేశంలో ప్రమాణాలు పెట్టే బీఐఎస్ వాళ్ళ లెక్క. అవే నీళ్ళతో రోజూ స్నానాలు, బట్టలు, గిన్నెలు, తుడుపు అన్నీ. కుళాయిలు తెల్లగా పెచ్చు కట్టి, షవర్‌లో సగం చిల్లులు మూసుకుపోయి, బకెట్లు గార పట్టి, ఇదీ పరిస్థితి. రేటు 5 వేలకి అటూ ఇటూ మాట్లాడుకున్నాం, సోఫా విడిగా.

ముందు బాగున్నది చెప్తా. వంటగది. దీనికే నేను సగం డబ్బులు ఇచ్చాననుకుంటున్నా. స్టవ్ వెనకాల టైల్స్ మీద, చిమ్నీ చుట్టూ, ఎగ్జాస్ట్ ఫ్యాన్ రెక్కల మీద ఏళ్ళ తరబడి పోపుల జిడ్డు గట్టిగా బంక లాగా పట్టి ఉంది, మా పనావిడ ఎంత తోమినా పైపైన మెరుపు తప్ప అది కదిలేది కాదు. వీళ్ళు ఏదో మందు స్ప్రే చేసి వెంటనే తుడవకుండా అలా వదిలేసి వేరే పని చూసుకుని వచ్చారు, అప్పుడు గీకితే పొరలు పొరలుగా వచ్చింది, అంటే బలం కంటే నానబెట్టే ఓపిక ముఖ్యం అన్నమాట. చిమ్నీ ఫిల్టర్ చేతిలోకి తీసుకుని "మేడం ఇది స్టీలా, అల్యూమినియమా" అని అడిగాడు కుర్రాడు, నాకెక్కడ తెలుసు, తనే చూసుకుని అల్యూమినియం అని తేల్చి, కాస్టిక్ సోడా పడితే నల్లబడిపోద్దని వేడినీళ్ళూ గిన్నెల లిక్విడ్‌తోనే కడిగాడు. ఇలా అడిగాడంటేనే పని తెలిసినోడని నాకు నమ్మకం వచ్చింది. గట్టు కింద గ్యాస్ బండ పెట్టే చోట తుప్పు రింగు ఒకటి ఉండేది, అది చాలా వరకు పలచబడింది కానీ పూర్తిగా పోలేదు, పోదని ముందే చెప్పాడు కూడా.

బాత్రూమ్ దగ్గరే అసలు కథంతా. ఆంటీ గారింట్లోనూ గొడవ అక్కడే మొదలైంది, నేను అప్పుడు వాళ్ళింట్లోనే ఉన్నా (మా ఇంటి పని ముందురోజు అయిపోయింది, వాళ్ళకి నేనే చెప్పా ఈ టీమ్ గురించి, ఆ మాట ఇప్పటికీ వినిపిస్తూనే ఉన్నారు). టైల్స్ మీద ఉన్న ఉప్పు పొర యాసిడ్ లిక్విడ్ వేసి రుద్దితే బానే వచ్చింది. ఆవిడ అడిగేది ఏంటంటే టైల్స్ మధ్య జాయింట్లు తెల్లగా రావాలి, కొన్నప్పుడు ఎలా ఉన్నాయో అలా. రాలేదు. "ఇంకొంచెం యాసిడ్ పొయ్యి బాబూ, మొహమాటం లేకుండా పొయ్యి" అని ఆవిడ, "వద్దు ఆంటీ, సిమెంటు తినేస్తది" అని కుర్రాడు. వీడు చెప్పిందే కరెక్టు. ఆ జాయింట్లలో ఉండేది వైట్ సిమెంటు, దానికి సన్నటి రంధ్రాలు ఉంటాయి, మురికి పైన కూర్చోదు, లోపలికి ఇంకుతుంది. యాసిడ్ ఎక్కువ పోసేకొద్దీ మురికితో పాటు సిమెంటూ పోతుంది, ఇవాళ తెల్లగా కనపడినా గరుకు తేలి నెల తిరిగేసరికి ముందుకంటే నల్లగా అవుతుంది. దానికి క్లీనింగ్ మందు లేదండీ, పాత జాయింట్ గీకేసి మళ్ళీ నింపించడమే, వీలైతే సిమెంటు బదులు ఎపాక్సీ (నీళ్ళు, మురికి ఇంకని రెజిన్ లాంటిది) పెట్టించుకోవాలి, అది టైల్స్ మేస్త్రీ పని, ఖర్చు వేరే.

ఆవిడ హాల్లో మార్బుల్ కూడా ఉంది. బాత్రూమ్ గుమ్మం దగ్గర మార్బుల్ మీద తెల్లగా నీళ్ళ మరకలు, వాటికీ ఆ లిక్విడే వెయ్యమన్నారు. కుర్రాడు చేతులెత్తేశాడు. ఇది చాలామందికి తెలియదు, మనకి కుళాయి మీద పేరుకునే ఆ తెల్లటి పెచ్చూ, మార్బుల్ రాయీ రెండూ ప్రధానంగా ఒకటే పదార్థం, క్యాల్షియం కార్బొనేట్. పెచ్చుని కరిగించే యాసిడ్ రాయినీ కరిగిస్తుంది, పాలిష్ పోయి మచ్చ పడిపోతుంది, ఆ మచ్చ ఇంక తుడిస్తే పోయేది కాదు, మళ్ళీ పాలిష్ మెషీను రావాల్సిందే. హార్పిక్ కూడా అంతే, అందులో ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడ్, కమోడ్‌కి సరే గానీ మార్బుల్ మీద, కుళాయిల మెరుపు పూత మీద వాడితే మన చేత్తో మనం పాడుచేసుకున్నట్టే. నిమ్మకాయ కూడా మార్బుల్ మీద వద్దు, వీడియోల్లో చూపిస్తారు చూడండి సగం చెక్క తీసుకుని రుద్దడం, అది స్టీలు కుళాయికి చెయ్యండి, బానే పనిచేస్తుంది.

ఇంకో విషయం ఇది మాత్రం సీరియస్‌గా రాస్తున్నా. యాసిడ్ వేసిన నేల మీద ఆవిడ కోపంగా వెళ్ళి బ్లీచింగ్ పౌడర్ డబ్బా తీసుకొచ్చి చల్లబోయారు, టీమ్ వాళ్ళిద్దరు ఒక్కసారే ఆపారు ఆవిడని. యాసిడ్, బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, మన బాత్రూముల్లో ఉండేది ఆ అడుగు వెడల్పు వెంటిలేటర్ ఒక్కటే, ఊపిరితిత్తుల మీద పడితే హాస్పిటలే. మీ పనావిడకి కూడా చెప్పండి, ఎందుకంటే ఇంట్లో ఉన్న సీసాలన్నీ కలిపితే ఎక్కువ పనిచేస్తుందని చాలామంది అనుకుంటారు, ఆ బాత్రూమ్ లోపల తలుపేసుకుని పీల్చేది వాళ్ళే.

తర్వాత ఆంటీ గారి రెండో కంప్లైంటు బెడ్‌రూం గోడ మీద చెమ్మ. పై ఫ్లాట్ బాత్రూమ్ నుంచి దిగుతోంది నీరు, గోడ ఉబ్బి, పొడి రాలుతోంది. దాన్ని తుడవమంటే ఏం తుడుస్తారు, తుడిచిన కొద్దీ రంగు ఊడివస్తుంది. వచ్చిన నలుగురిలో పెద్దతను సింగ్ నగర్ మనిషి, 2024 సెప్టెంబర్ బుడమేరు వరదప్పుడు వాళ్ళ ఇంట్లోకీ నీళ్ళు వచ్చాయట. అప్పుడు ఫైరింజన్లు వచ్చి ఇళ్ళల్లో బురద కడిగాయి కదా, ఆయన చెప్పాడు, "బురద పోయిందమ్మా, గోడ మీద ఆ గీత మాత్రం ఇప్పటికీ ఉంది, మేమే ఇదే పని చేసేవాళ్ళం, మా ఇంట్లో గీతే మేం తీయలేకపోయాం, రంగు వేయించాల్సిందే." ఆంటీ గారు ఆ మాటకి ఏం అనలేదు గానీ స్టార్ మాత్రం మార్చలేదు.

నేను 4 ఇచ్చిందీ ఆవిడ 1 ఇచ్చిందీ ఇక్కడే. మురికి అనేది ఒకటి, పాడైపోవడం అనేది ఒకటి. మొదటిది వీళ్ళు తీస్తారు, బానే తీస్తారు. రెండోదానికి పెయింటరు, ప్లంబరు, మేస్త్రీ కావాలి. షవర్ దగ్గర గ్లాసు ఉంటే చూడండి, ఉప్పు కొత్తగా కట్టిందైతే వచ్చేస్తుంది, ఏళ్ళు గడిచి అద్దమే కొరుక్కుపోయి ఉంటే ఎవడొచ్చినా మసకే. నేను పని మొదలవకముందే ఆ పెద్దాయన్ని వెంటబెట్టుకుని ఇల్లంతా తిప్పి ఏది పోతుంది ఏది పోదు అని ఒక్కొక్కటే అడిగా, పోదన్నవాటి జోలికి వెళ్ళనివ్వలేదు, ఆ టైమ్ వంటగదికీ కిటికీలకీ పెట్టించా. కిటికీ ట్రాకుల్లో మట్టి తీస్తే చిన్న కవర్ నిండింది నిజంగా, దోమల మెష్ బాల్కనీలో పెట్టి కడిగితే నల్లటి నీళ్ళు కారాయి, తర్వాత రూముల్లోకి గాలి తేడా తెలిసింది.

పూజ గది గురించి అడుగుతారు కాబట్టి. ఆ గది నేను వాళ్ళకి ఇవ్వలేదు, మనమే చేసుకుంటాం కదా, కానీ గడప విషయం ముందే చెప్పడం మంచిది. పసుపు రాసి బొట్లు పెట్టిన గడప వాళ్ళకి మరకలా కనపడుతుంది, చెప్పకపోతే తోమేస్తారు, వాళ్ళ తప్పు కాదు. పూజ గది నేల మీద పసుపు మరకలకైతే మందులేం వద్దు, ఎండ పడే చోటైతే నాలుగు రోజులు పరదా తీసి వదిలేయండి, పసుపు రంగు ఎండకి దానంతట అదే వెలిసిపోతుంది. నూనె జిడ్డు మాత్రం అలా పోదు, దానికి గిన్నెల లిక్విడే.

మైనస్‌లు. 9కి వస్తామని పదిన్నరకి వచ్చారు, బెంజి సర్కిల్ ట్రాఫిక్ అన్నారు, బెంజి సర్కిల్ మీద ఫ్లైఓవర్ కట్టాక కూడా ఆ పేరు చెప్పుకునే వాళ్ళు తగ్గలేదు ఈ ఊళ్ళో. నిచ్చెన ఒక్కటే తెచ్చారు, ఇద్దరు దాని కోసం ఎదురుచూశారు. స్విచ్ బోర్డుల మీద తడిగుడ్డ పెట్టబోతే నేనే ఆపా, ఇది పెద్ద తప్పు, ఒక స్టార్ దీనికే కోశా. అటక మీద సామాను దించరు, దించితే డబ్బులు ఎక్స్‌ట్రా, ఈ మాట ఫోన్‌లో చెప్పలేదు. మూలల్లో ఫ్యాన్ పైన బూజు ఒక చోట వదిలేశారు, చూపిస్తే నవ్వుతూ వచ్చి దులిపారు, అది సరే.

ఇప్పుడు పనావిడతో పోల్చేవాళ్ళకి ఒక మాట. "నెలంతా వచ్చే మా పనమ్మాయే ఇలా చేస్తే వీళ్ళకి ఇంత ఎందుకు" అంటారు కొందరు, లేదా తిరగేసి "వీళ్ళు ఒక్క రోజులో చేసింది మా పనమ్మాయి ఎందుకు చెయ్యదు" అంటారు. ఎలా చేస్తుందండీ. ఆవిడ పొద్దున్నే మొదలుపెట్టి మధ్యాహ్నం లోపు నాలుగైదు ఇళ్ళు తిరగాలి, మన ఇంట్లో ఉండేది ఓ ముప్పావు గంట, అందులో గిన్నెలు, ఊడ్చడం, తడిగుడ్డ. నలుగురు మనుషులు పొద్దుగూకే దాకా చేసిన పనికీ దానికీ లెక్కెక్కడ. ఆ ముప్పావు గంటలో సోఫా కింద రోజూ తుడవమంటే గిన్నెలకి టైమ్ తగ్గుతుంది, ఏదో ఒకటే. మా ఇంట్లో అయితే రోజువారీ పని అయ్యాక శనివారం ఒక్క పని ఎక్స్‌ట్రా అని మాట్లాడుకున్నాం, ఒక వారం ఫ్యాన్లు, ఒక వారం ఫ్రిజ్ వెనకాల, దానికి విడిగా డబ్బులు, నాగాలు కూడా నెలకి ఇన్ని అని ముందే అనుకున్నాం, అప్పటినుంచి ఇద్దరికీ సణుగుడు తగ్గింది.

బుక్ చేసుకునేవాళ్ళకి టైమింగ్ చెప్తా. దసరా ముందు, సంక్రాంతి ముందు అస్సలు వద్దు. అందరూ అప్పుడే దులిపిస్తారు, టీమ్‌లు రోజుకి రెండిళ్ళు ఒప్పుకుని పరిగెడతాయి, మీ ఇంటికి వచ్చేసరికి వాళ్ళ చేతుల్లో సత్తువ ఉండదు. ఇంక దసరాల్లో మూలా నక్షత్రం రోజు దుర్గమ్మ కొండ చుట్టుపక్కల అయితే మనుషులు నడవడానికే దారుండదు, వన్ టౌన్ వైపు ఉండేవాళ్ళు ఆ రోజు ఎవర్నీ పిలవకండి. దసరా అంటే ఇంకా వానలు పూర్తిగా పోవు కూడా, సోఫా షాంపూ చేయిస్తే ఆరక ముక్కిన వాసన పట్టుకుంటుంది. సంక్రాంతి అయ్యాక ఫిబ్రవరి బెస్టు, ఎండ ఉంటుంది, మరీ మండిపోదు, టీమ్‌లు ఖాళీగా ఉంటాయి, రేటు కూడా కాస్త దిగుతారు. మే నెలలో మాత్రం పిలవకండి దయచేసి, 45 డిగ్రీల ఎండలో బాల్కనీ గ్రిల్స్ తోమించడం న్యాయం కాదు, పని కూడా సరిగ్గా అవ్వదు.

ఫోన్‌లో మాట్లాడేటప్పుడు అటక, ఫ్రిజ్ లోపల, అల్మారాల లోపల, బాల్కనీ గ్రిల్స్, ఈ నాలుగూ రేటులో ఉన్నాయా లేవా అడిగి వాట్సాప్‌లో పెట్టించుకోండి, గొడవలన్నీ వీటి దగ్గరే. బాత్రూమ్ ఫోటోలు ముందే పంపండి. బంగారం, డబ్బులు బీరువాలో పెట్టి తాళం వేసుకోండి, అనుమానంతో వెనకాలే తిరగడం కంటే ఇది అందరికీ మర్యాద. ట్యాంకు నిండా నీళ్ళు ఉంచండి, మాకు మధ్యలో అయిపోయి వాచ్‌మెన్‌ని పిలిచి మోటారు వేయించాం. మధ్యాహ్నం వాళ్ళు తెచ్చుకున్న క్యారేజీలు తినడానికి కాస్త చోటు, ఫ్యాన్ ఇవ్వండి.

సోఫాకి ఇచ్చిన డబ్బులు మాత్రం నాకు వర్కౌట్ అవ్వలేదు, మురికి నీళ్ళు లాగడం చూస్తే బానే అనిపించింది గానీ టీ మరక అలాగే ఉంది. వచ్చే ఫిబ్రవరికి వంటగదీ బాత్రూములూ కిటికీలూ, ఈ మూడే చెప్తా, సోఫాకి ఎంజీ రోడ్డులో కవర్ ఒకటి కొనేసుకుంటా. ఆంటీ గారు నిన్న లిఫ్ట్ దగ్గర కనపడి టైల్స్ మేస్త్రీ నంబర్ ఉందా అని అడిగారు, ఇచ్చా, ఎపాక్సీకి అడుగుకి ఎంత చెప్పాడో తెలిస్తే కింద కామెంట్‌లో పెడతా.