ఆసుపత్రి వార్డా, ఏఏ సమావేశమా?

కర్నూలులో తాగుడు మానాలనుకున్నవారు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలోని మానసిక వైద్య విభాగానికి వెళ్లవచ్చు, లేదా 1935లో అమెరికాలో పుట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) వంటి సహాయక బృందంలో చేరవచ్చు. ఏళ్ల తరబడి రోజూ తాగినవారు ఒక్కసారిగా మానేస్తే చేతుల వణుకు, చెమటలు, నిద్రలేమితో మొదలై, రెండు మూడు రోజుల్లోనే మూర్ఛ, మతిభ్రమణ దాకా వెళ్లి ప్రాణం మీదికి రావచ్చు కాబట్టి, అలాంటివారిని ముందు ఆసుపత్రికే తీసుకెళ్లాలని గట్టిగా చెబుతాను. అక్కడ వణుకు తగ్గించే మందులు, థయమిన్ (విటమిన్ బి1) ఇస్తారు. బృందంలో వైద్యం ఉండదు.

అయితే ఇంటికొచ్చాక, ఒక సాయంత్రం పాత స్నేహితుడు ఫోన్ చేసి "రారా, ఒక్క పెగ్గే" అన్నప్పుడు డాక్టరు పక్కన ఉండరు. బృందం విలువ అక్కడే తెలుస్తుంది: ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు, మానాలన్న కోరిక ఒక్కటే అర్హత, పైగా తాగుడు మాని నిలదొక్కుకున్న సభ్యుడొకరు కొత్తవారికి తోడుగా ఉండి, మనసు లాగిన వేళ ఫోన్‌లో మాట్లాడతారు. నలుగురికీ తెలిసిపోతుందని జంకేవారికి, ముఖ్యంగా మహిళలకు, ఈ గోప్యత పెద్ద ఊరట. కుటుంబ సభ్యులకు ఆల్-అనాన్ అనే వేరే బృందం ఉంది.

దగ్గరలోని చికిత్సా కేంద్రం వివరాలను 14446 జాతీయ హెల్ప్‌లైన్‌లో అడగవచ్చు. ఆదోని, ఎమ్మిగనూరు వైపు ఉండి వారం వారం ప్రయాణం కుదరనివారికి ఏఏ ఆన్‌లైన్ సమావేశాలున్నాయి.