మెర్కెల్ కణాలు, మైస్నర్ కణికలు: స్పర్శలో ఎవరి పని ఏది?

వేలికొసలతో ఒక వస్తువును తాకినప్పుడు దాని ఆకారాన్ని, కదలికను మెదడుకు తెలిపే గ్రాహకాలలో ముఖ్యమైనవి మెర్కెల్ కణాలు, మైస్నర్ కణికలు. మొదటివి బాహ్యచర్మపు అడుగు పొరలోను, రెండవవి దానికి సరిగ్గా దిగువన, అంతశ్చర్మం పైకి పొడుచుకువచ్చిన బొడిపెలలోను ఉంటాయి.

అసలు తేడా స్పందించే తీరులో ఉంది. వస్తువు చర్మాన్ని నొక్కినంతసేపూ మెర్కెల్ కణాలతో జతపడిన నాడీతంతువు సంకేతాలు పంపుతూనే ఉంటుంది. మైస్నర్ కణికలోని తంతువు మాత్రం ఒత్తిడి మొదలైనప్పుడు, తొలగినప్పుడు స్పందించి, నడుమ మౌనం వహిస్తుంది. అందువల్ల అంచులు, మూలలు, బ్రెయిలీ చుక్కల అమరిక వంటి సూక్ష్మ వివరాలను గుర్తించడంలో మెర్కెల్ కణాలదే పైచేయి. చేతిలోని గాజు పాత్ర జారబోతున్నప్పుడు కలిగే స్వల్ప కంపనాలను పసిగట్టి, మనం ఆలోచించేలోగానే పట్టు బిగిసేందుకు తోడ్పడేవి ప్రధానంగా మైస్నర్ కణికలు. స్పర్శ అనగానే ఆకృతిని పోల్చుకోవడమే గుర్తుకు వస్తుంది గాని, నిత్యజీవితంలో ఈ రెండవ పని అంతకంటె తక్కువదేమీ కాదు.

సంకేతాల వేగంలో మాత్రం చెప్పుకోదగ్గ భేదం లేదు. రెండింటివీ మైలిన్ తొడుగు (సంకేతాలను వేగంగా సాగనిచ్చే కొవ్వు పొర) గల ఎ-బీటా రకపు నాడీతంతువులే. చర్మం వంగినప్పుడు తెరుచుకుని విద్యుదావేశిత కణాలను లోనికి పంపే పీజో2 అనే ప్రోటీన్ మార్గం రెండింటికీ ఆధారం. స్పర్శ గ్రాహకాలపై పరిశోధనకు ఆర్డెమ్ పటపూటియన్ 2021లో నోబెల్ బహుమతిని డేవిడ్ జూలియస్‌తో పంచుకున్నారు.

మెర్కెల్ కణాలు రోమాలున్న చర్మంలోనూ కనిపిస్తాయి. మైస్నర్ కణికలు అరచేతులు, అరికాళ్ల వంటి రోమరహిత భాగాలకు దాదాపుగా పరిమితమై, వయసుతో పాటు సంఖ్యలో తగ్గుతాయి.