థెలోనియస్ మంక్: ఏ కాలపు రికార్డులతో మొదలుపెడితే మేలు?

జాజ్ పియానోలో థెలోనియస్ మంక్ పేరు విని, ఆయన సంగీతం వినాలనుకునేవారికి మొదట ఎదురయ్యే చిక్కు ఎక్కడ మొదలుపెట్టాలన్నదే. ఆయన 1917 అక్టోబరు 10న నార్త్ కరోలినాలోని రాకీ మౌంట్‌లో పుట్టి, 1922లో తల్లి వెంట న్యూయార్క్ చేరారు. 1982 ఫిబ్రవరి 17న కన్నుమూశారు. ఆయన రికార్డులలో అధికభాగం మూడు కంపెనీల పేరు మీద ఉన్నాయి: 1947 నుంచి 1952 వరకు బ్లూ నోట్, 1955 నుంచి 1961 వరకు రివర్‌సైడ్, 1962 నుంచి 1968 వరకు కొలంబియా. మధ్యలో కొద్దికాలం ప్రెస్టీజ్ కంపెనీకి చేసిన పని విలువైనదే అయినా, తొలిసారి వినేవారికి ఈ మూడింటి మధ్యనే ఎంపిక ఉంటుంది.

ఆయన జీవితకాలంలో కూర్చిన రచనలు సుమారు 70 మాత్రమే. వాటినే పాతికేళ్లపాటు మళ్లీ మళ్లీ వాయించారు. అందువల్ల కంపెనీని ఎంచుకోవడమంటే వేరే రచనలను ఎంచుకోవడం కాదు. అవే రచనలను మంక్ ఏ వయసులో, ఎవరి పక్కన కూర్చుని వాయించినప్పుడు వినాలో ఎంచుకోవడం.

బ్లూ నోట్ రికార్డుల నాటికి మంక్‌కు 30 ఏళ్లు. 1940ల తొలి ఏళ్లలో న్యూయార్క్ హార్లెంలోని మింటన్స్ ప్లేహౌస్ క్లబ్బులో ఆస్థాన పియానిస్టుగా ఉండి, బీబాప్ అనే కొత్త జాజ్ శైలి రూపుదిద్దుకున్న రాత్రులకు ఆయన సాక్షి మాత్రమే కాక కర్త కూడా అయ్యారు. అయినా తన పేరుతో రికార్డు చేసే అవకాశం 1947 అక్టోబరులో గానీ రాలేదు. అప్పటి 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ పళ్లెంలో ఒక వైపు మూడు నిమిషాలకు మించి పట్టదు. ఆ ఇరుకే ఈ రికార్డులకు బలమైంది. ఎత్తుగడ, నడక, ముగింపు అన్నీ అంత తక్కువ వ్యవధిలో చెప్పవలసి రావడంతో రచన నిర్మాణం తేటగా వినిపిస్తుంది. ఆర్ట్ బ్లేకీ డ్రమ్స్ మంక్ వంకర లయకు సరైన తోడు. కానీ శబ్దం పాతది, సోలోలు (ఒక్కరే సొంతంగా అల్లుకుపోయే భాగాలు) చిన్నవి. జాజ్‌లో ఒక మనిషి నిదానంగా ఆలోచించడాన్ని వినాలనుకునేవారికి ఇవి చాలవు. ఆ రోజుల్లో ఈ రికార్డులు అమ్ముడుపోలేదు, మంక్‌కు పియానో వాయించడమే రాదని అన్న విమర్శకులు కూడా ఉన్నారు.

1951లో మిత్రుడు, పియానిస్టు బడ్ పావెల్‌తో కలిసి ఉండగా పోలీసులకు మాదకద్రవ్యం దొరికింది. మిత్రునికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పడానికి మంక్ ఒప్పుకోలేదు. ఫలితంగా ఆయన క్యాబరే కార్డు రద్దయింది. న్యూయార్క్‌లో మద్యం అమ్మే క్లబ్బుల్లో వాయించాలంటే పోలీసులు ఇచ్చే ఆ కార్డు తప్పనిసరి. ఊరిలో పేరున్న క్లబ్బులు సుమారు ఆరేళ్లపాటు ఆయనకు మూతపడ్డాయి. ఒక కళాకారుడి నడివయసును ఇలా కోసివేసిన ఆ నిబంధనను తలచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది.

రివర్‌సైడ్ కాలం ఈ లేమిలోనే మొదలైంది. ప్రెస్టీజ్‌కు ఉన్న 108 డాలర్ల చిల్లర బాకీ తీర్చి ఆయనను తీసుకున్నారంటే, అప్పటి మార్కెట్టులో ఆయన విలువ ఎంతో తెలుస్తుంది. నిర్మాత ఓరిన్ కీప్‌న్యూస్ శ్రోతలను మచ్చిక చేసుకోవడానికి మొదటి రెండు ఆల్బమ్‌లను ఇతరుల పాటలతో చేయించారు. సులువుగా ఉంటాయని కొత్తవారికి వాటినే చెప్పడం సరికాదని నా అభిప్రాయం. మంక్‌ను మంక్ రచనల్లోనే కలుసుకోవాలి. 1956లో చేసిన ‘బ్రిలియంట్ కార్నర్స్’ శీర్షిక రచన ఎంత కఠినమైనదంటే, 25 సార్లు ప్రయత్నించినా శాక్సఫోన్‌పై సోనీ రోలిన్స్, డ్రమ్స్‌పై మాక్స్ రోచ్ వంటి హేమాహేమీలున్న బృందం ఒక్కసారి కూడా పూర్తిగా వాయించలేకపోయింది. చివరకు టేపు ముక్కలను అతికి దానిని విడుదల చేశారు. 1957లో కార్డు తిరిగి రావడం, ఫైవ్ స్పాట్ క్లబ్బులో శాక్సఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్‌తో నెలల తరబడి వాయించడం ఈ కాలంలోనివే.

కొలంబియా నాటికి కీర్తి వచ్చింది. 1964 ఫిబ్రవరిలో టైమ్ పత్రిక ముఖచిత్రంగా ఆయన బొమ్మ వేసింది. శబ్దం స్వచ్ఛం, చార్లీ రౌజ్ శాక్సఫోన్‌తో క్వార్టెట్ (నలుగురి బృందం) కుదురుగా ఉంటుంది. అయితే కొత్త రచనలు తగ్గాయి, ప్రతి పాట ఒకే వరుసలో నడుస్తుంది. పునరుక్తి అన్న విమర్శలో కొంత నిజముంది.

తేడా చెవికి తెలియాలంటే ‘రూబీ, మై డియర్’ అనే ఒక్క రచనను మూడు చోట్లా వినవచ్చు. 1947లో బ్లూ నోట్‌కు ట్రియోతో (ముగ్గురి బృందంతో), పియానోయే మొత్తం భారం మోస్తుంది. 1957లో రివర్‌సైడ్‌కు కోల్‌మన్ హాకిన్స్ దానిని వాయించారు; 1944లో మంక్‌ను తొలిసారి స్టూడియోకు తీసుకువెళ్లినవారు ఆయనే. ఆ పెద్దాయన నిండైన శాక్సఫోన్ కింద మంక్ స్వరాలను పొదుపుగా, ఎక్కడ మౌనం అవసరమో ఎరిగి ఉంచుతారు. 1959లో రివర్‌సైడ్‌కే శాన్ ఫ్రాన్సిస్కోలో ప్రేక్షకులు లేని హాలులో ఒంటరిగా, 1965లో కొలంబియాకు మళ్లీ ఒంటరిగా వాయించారు. కర్ణాటక సంగీతం విన్న చెవికి ఇక్కడ ఒక విషయం పట్టుబడుతుంది: గమకం పలకలేని వాద్యం మీద పక్కపక్క మెట్లు రెండింటినీ ఒకేసారి నొక్కి, ఆ రెంటి నడుమ ఉన్న స్వరాన్ని మన ఊహకు తెప్పించడం మంక్ అలవాటు. 1959 నాటి సోలోలో ఇది అన్నిటికంటే స్పష్టంగా వినబడుతుంది.

కాబట్టి నా ఓటు రివర్‌సైడ్‌కే. రచనల అల్లిక తెలుసుకోవాలనుకునే విద్యార్థి బ్లూ నోట్‌తో మొదలుపెట్టినా తప్పు లేదు. కొలంబియాను మాత్రం చివరికి ఉంచుకుంటే, ఒకే వరుసలో నడిచే ఆ పాటల్లో రౌజ్ ఓపిక విలువ తెలుస్తుంది. రివర్‌సైడ్‌లోనూ 1957 నాటి సోలో ఆల్బమ్ ‘థెలోనియస్ హిమ్‌సెల్ఫ్’ మొదటిది కావాలి. అంతా ఒంటరి పియానోయే, చివరి రచన ‘మంక్స్ మూడ్’లో మాత్రం కోల్ట్రేన్ వచ్చి కలుస్తారు. అదే ఏడాది నవంబరు 29న కార్నెగీ హాలులో ఇద్దరూ కలిసి చేసిన కచేరీ టేపు 2005లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో బయటపడింది. ఆ కచేరీ మొదలయ్యేది కూడా ‘మంక్స్ మూడ్’తోనే గనుక, ఒక రికార్డు ముగిసినచోట రెండవది పెట్టుకోవచ్చు.