చిత్తూరు బైండింగ్ కొట్టు నోటుపుస్తకం: తేదీల్లేని డైరీ మీద నా రివ్యూ

ముందే చెప్పేస్తా, ఇది ఆన్‌లైన్‌లో దొరికే వస్తువు కాదు. చిత్తూరులో ఒక పాత బైండింగ్ కొట్టులో అడిగి చేయించుకునే చిన్న చేతిపుస్తకం. 192 పేజీలు, గీతల్లేని తెల్లకాగితం, గట్టి అట్ట, కాలికో గుడ్డ వీపు. అరచేతికంటే కొంచెం పెద్దది. ఒక్కోటి 90 రూపాయలు, మూడింటికి తక్కువైతే కొట్టాయన చేయడు. నా లెక్కలో ఐదుకు నాలుగు స్టార్లు.

నేను చిత్తూరు బయట ఒక మామిడి పల్ప్ ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తాను. జూన్ వస్తే తోతాపురి సీజను మొదలు. కోసిన కాయ ఆగదు కాబట్టి ట్రాక్టర్లూ ఆగవు, కాటా చీటీలూ ఆగవు, నేను ఇంటికి చేరే టైముకు పిల్లలు నిద్రపోయి ఉంటారు. మిగతా నెలల్లో తీరికని కాదు. పొద్దున రెండు క్యారేజీలు, అత్తమ్మకు షుగరు మాత్రలు, ఫ్యాక్టరీ వ్యాను, సాయంత్రం దాకా జీఎస్టీ లెక్కలు, ఇంటికొస్తే మళ్లీ పొయ్యి. ఇంత మధ్యలో కూడా రోజుకొక పేజీ రాసుకోవడం నాకు అలవాటు. కథలు, కవితలు కాదు. ఆ రోజు చూసింది, విన్నది, కొన్నది, ఎవరితో గొడవపడిందీ, అంతే. అందుకే ఈ పుస్తకాన్ని కాగితం ఎంత నున్నగా ఉందో చూసి కాదు, టైము లేని మనిషికి ఎంత సాయపడుతుందో చూసి మార్కులు వేస్తున్నాను.

దీంట్లో నాకు అన్నిటికంటే నచ్చింది తేదీలు లేకపోవడం.

జనవరి వస్తే మా ఆఫీసుకు డైరీలు కుప్పగా వస్తాయి. డ్రమ్ములు సప్లయ్ చేసేవాళ్లది ఒకటి, ట్రాన్స్‌పోర్టు వాళ్లది ఒకటి, బ్యాంకుది ఒకటి. అట్ట మీద బంగారు రంగు అక్షరాలు, లోపల సెలవుల పట్టిక, రాహుకాలం, పేజీకొక తేదీ. చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి. కానీ రోజూ రాసే అలవాటును చెడగొట్టడంలో వాటిని మించినవి లేవని నా అభిప్రాయం. చిన్నదానికి జ్వరం వచ్చి నాలుగు రోజులు రాయలేదనుకోండి. ఐదో రోజు డైరీ తీస్తే నాలుగు తెల్ల పేజీలు మొహం మీదకొస్తాయి. గుర్తు తెచ్చుకుని నింపాలా, వదిలేసి ముందుకు పోవాలా? ఆ ఆలోచనతోనే చేతిలో ఉన్న పది నిమిషాలు అయిపోతాయి. అట్లా రెండుసార్లు జరిగితే ఇక తెరవబుద్ధి కాదు. సంక్రాంతి దాటేసరికి చాలా ఇళ్లలో డైరీ పాలలెక్కకు, చీటీల లెక్కకు మారిపోయేది ఇందుకే. ఇంకో సంగతి, ఆ డైరీల్లో చాలావాటిలో ఆదివారానికి సగం పేజీయే ఇస్తారు. ఆఫీసుకు సెలవు కాబట్టి ఆ రోజు ఏమీ జరగదని వాళ్ల లెక్క కాబోలు. ఇంట్లో ఆడవాళ్లకు ఎక్కువ జరిగేదే ఆదివారం!

ఈ చేతిపుస్తకంలో తేదీ మనమే వేసుకోవాలి. మూడో తేదీ రాసిన దాని కింద గీత కొట్టి ఎనిమిదో తేదీ వేసుకుంటే మధ్యలో ఏ ఖాళీ కనబడదు. పుస్తకం మనల్ని ఏమీ అడగదు. రాసిన రోజులే ఉంటాయి దాంట్లో.

సైజు కూడా ఆలోచించి పెట్టించుకున్నదే. మొదటిసారి పోయినప్పుడు కొట్టాయన, "ఏం సైజు మా?" అన్నాడు. "హ్యాండ్‌బ్యాగులో క్యారేజీ పక్కన పట్టాల భాయ్," అన్నాను. ఆయన పక్కనున్న కట్టలోంచి ఏ3 షీటొకటి లాగి, ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు మడిచి, గోటితో మడత నొక్కి నా చేతిలో పెట్టాడు. "ఇది పదారు పేజీలు. ఇట్లాంటివి పన్నెండు కుడితే నీ బుక్కు." లెక్కేసుకుంటే నిజమే, 192. మొత్తం పుస్తకానికి పట్టేది పన్నెండే పన్నెండు ఏ3 షీట్లన్న మాట. 70 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 70 గ్రాములు తూగే మ్యాప్‌లిథో కాగితం కాబట్టి షీటు తొమ్మిది గ్రాములు కూడా తూగదు. కాగితం అంతా కలిపి నూరు గ్రాములు, పైన కాస్త.

"ఇంత చిన్నదాంట్లో ఏం లెక్కలు రాస్తావు మా?"

"లెక్కలు కాదు భాయ్, డైరీ."

"డైరీలు ఊరికే ఇస్తారు గదా మా, డబ్బులు పెట్టి చేయించుకునేదెందుకు?"

మండీ వాళ్లకూ నగల కొట్లకూ లెడ్జర్లు, పద్దు పుస్తకాలు చేసి చేసి పండిన మనిషి ఆయన. నా పుస్తకం ఆయన దృష్టిలో పిల్లల ఆటవస్తువు. అయినా పనిలో తేడా చూపించడు. ఒక్కో ఫారాన్నీ, అంటే మడిచిన ఆ పదారు పేజీల షీటును, మడత మధ్యలో సూదితో కుడతాడు, అదే దారంతో పక్క ఫారాన్ని పట్టుకుంటూ పోతాడు. వీపుకు పూసేది మైదా గంజి, పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలుపుతాడు. కొట్టంతా ఆ గంజి వాసనే. రాత్రంతా ప్రెస్సు కింద బిగించి పెట్టి, పొద్దున కటింగ్ మిషన్‌లో మూడు వైపులా కోస్తాడు. మూడుసార్లు మడిచిన షీటు కదా, ఆ కోత పడేదాకా పేజీలు విడిపోవు. కోసేటప్పుడు పక్కన నిలబడితే సన్నటి కాగితం పీలికలు చీర మీద పడతాయి, చూసుకోండి.

ఈ కుట్టు వల్ల లాభం ఏమిటంటే, పుస్తకం ఎక్కడ తెరిచినా పరుచుకుని పడుకుంటుంది. వ్యానులో ఒళ్లో పెట్టుకుని ఒక చేత్తో రాయొచ్చు, రెండో చెయ్యి ముందు సీటు పట్టుకోవడానికి ఉంటుంది. జిగురుతో అంటించే పర్ఫెక్ట్ బైండింగ్ పుస్తకాలకు ఆ సుఖం లేదు. ఎప్పుడూ మూసుకోవాలనే చూస్తాయి, బలవంతంగా విరిస్తే పేజీలు ఊడి చేతికొస్తాయి. స్పైరల్ పుస్తకం పరుచుకుంటుంది గానీ ఆ కమ్మి బ్యాగులో చున్నీకి, చార్జర్ వైరుకు, దేనికంటే దానికి తగులుకుంటుంది. పైగా స్పైరల్‌లో పేజీ చింపడం మరీ సులువు. ఇంట్లో ఎవరికి చీటీ కావాల్సొచ్చినా నా పుస్తకమే దొరికేది.

పేజీ చిన్నది కావడం ఇంకో సాయం. నా దస్తూరీకి పద్నాలుగు, పదిహేను లైన్లు పడతాయి. మధ్యాహ్నం అన్నం తిని క్యారేజీ కడుక్కొచ్చాక, ఫ్యాక్టరీలో మళ్లీ బెల్లు కొట్టేలోపు పేజీ నిండుతుంది. ఏ4 సైజు లాంగ్‌బుక్కులో అవే పదిహేను లైన్లు రాస్తే సగం కూడా కాలేదనిపిస్తుంది. నిండిన పేజీ ఇచ్చే తృప్తి వేరు.

నెలకోసారి ఆడిటర్ పని మీద తిరుపతి పోతాను. 70 కిలోమీటర్ల దూరం. రైలు కుదిరితే రైల్లోనే పోతాను, పాకాల మీదుగా. కిటికీ పక్కన చోటు దొరికితే చంద్రగిరి వచ్చేలోపు రెండు పేజీలు అయిపోతాయి. బస్సులో రాసిన పేజీలు మాత్రం నావే అయినా నేనే చదవలేను. ఒకసారి తిరుపతిలో ఒక పెద్ద స్టేషనరీ షాపులో తోలు అట్ట నోటుబుక్కు చూసి ఆశపడి కొన్నాను. ఈ చేతిపుస్తకాలు పది వచ్చే ధర. మంచి వస్తువే, కాదనను. కానీ దాంట్లో రాయాలంటే అద్దె ఇంటి గోడకు మేకు కొట్టబోయినట్టు చెయ్యి వెనక్కి పోయేది. ఇంత ఖరీదైన కాగితం మీద "బీరకాయలు కిలో, గ్యాసు బుక్ చేయాలి" అని ఎట్లా రాసేది? అది ఇప్పటికీ బీరువాలోనే ఉంది, శుభ్రంగా.

ఫోన్లో రాసుకోవచ్చు కదా అంటుంది మా పెద్దపాప. రాయొచ్చు. ఫోన్ తీశాక రాసేదాకా పోతే కదా! స్కూలు గ్రూపు, బంధువుల గ్రూపు, ఆఫీసు గ్రూపు, ఈ మూడూ దాటి నోట్స్ తెరిచేలోపు వ్యాను ఫ్యాక్టరీ గేటు దగ్గరుంటుంది.

ఇక అసలు పరీక్ష సీజను. 2025 సీజను ఎట్లా పోయిందో ఈ జిల్లాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. తోతాపురి ధర పడిపోయి, కిలోకు 12 రూపాయలు, అందులో ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 ఇచ్చేట్టు ప్రకటించాల్సి వచ్చింది. గేటు బయట ట్రాక్టర్లు వరసగా, వాటి వెనక ఇంకా ట్రాక్టర్లు. ఆ రోజుల్లో పేజీ మాట దేవుడెరుగు, కాటా రూములో ఒక చీటీకీ ఇంకో చీటీకీ మధ్య రెండు మూడు లైన్లు పడితే గొప్ప. వాటిలో ఒకటి ఇక్కడ పెడుతున్నాను:

"రాత్రి 9. బంగారుపాళ్యం వైపు పెద్దాయన. ట్రాలీ కింద గోతం పరుచుకుని పడుకున్నాడు. టోకెను జేబులో పెట్టుకోలేదు, బనియన్‌కు పిన్నీసుతో గుచ్చుకున్నాడు. పైవరస కాయలు పసుపు తిరిగినాయి. మనవరాలికి ఫోన్ చేసి, వచ్చేస్తాండా పడుకో అని చెప్తున్నాడు."

మా కంప్యూటర్‌లో ఆ రోజు టన్నులు, బండి నంబర్లు, తీపి కొలిచే బ్రిక్స్ రీడింగులు అన్నీ ఉన్నాయి. పిన్నీసు సంగతి ఈ పుస్తకంలోనే ఉంది. దానికోసమే కదా రాసుకునేది. తేదీ డైరీ అయ్యుంటే ఆ మూడు లైన్ల కింద మిగిలిన తెలుపు చూసి, ఇంతేనా రాశాను అనుకునేదాన్ని. దీంట్లో అదే పేజీలో ఐదు రోజులు సర్దుకున్నాయి.

తీరికున్నోళ్లకే ఈ రాతలన్నీ అనేవాళ్లుంటారు. రోజూ ఏం రాయాలో తోచదు అనేవాళ్లు ఇంకా ఎక్కువ. ఇద్దరికీ ఏనుగుల వీరాస్వామయ్య గారిని చూపిస్తాను. మద్రాసు సుప్రీంకోర్టులో ఉద్యోగం చేసిన మనిషి. 1830 మేలో కాశీకి బయల్దేరి, మన తిరుపతి మీదుగానే వెళ్లి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. దారి పొడుగునా మజిలీ మజిలీకీ రాసుకుంటూనే పోయారు. ఏం రాశారని చూస్తే, ఊరికీ ఊరికీ ఎంత దూరం, నీళ్ల వసతి ఉందా, అంగళ్లున్నాయా, బసకు చోటు దొరుకుతుందా, చాలాచోట్ల ఇవే. గొప్ప ఆలోచన తట్టేదాకా కలం పట్టనని కూర్చుని ఉంటే ఆ ప్రయాణం మనకు దక్కేది కాదు. కాబట్టి బీరకాయల ధరతో మొదలుపెట్టడానికి మొహమాటపడొద్దు. ధర రాశాక, అమ్మిన ఆమె ఏమన్నదో తనంతట అదే వస్తుంది.

లోపాలకొస్తాను. గీతలు లేవు కాబట్టి మొదట్లో లైన్లు కుడివైపుకు ఎగబాకుతాయి. గీతల కాగితం మీరే కొనిస్తే కుట్టిస్తాడు, కానీ ఏ3లో గీతల కాగితం వెతకడం పెద్ద తలనొప్పి. మొదటి పేజీ, చివరి పేజీ గంజి తగిలి ఒక్కోసారి అట్టకు అంటుకుపోయి ఉంటాయి, వేలితో మెల్లగా విడదీయాలి. కాలికో అంచు వాడకంలో పోగులు లేస్తుంది. ఇంకు పెన్నుతో రాస్తే వెనక్కి దిగుతుంది, బాల్‌పెన్నే నయం. నేను రెనాల్డ్స్ 045 వాడతాను, ఏ బాధా లేదు.

కాగితంలో లోపాలు ఇవే, స్టారు తగ్గించింది వీటికి కాదు. ఆయన మాటకు. "రేపు రా మా" అంటే రేపు అని కాదు, ఈ వారంలో ఎప్పుడో అని. పుస్తకం అయిపోవచ్చింది, కొత్తది చేతికి రాలేదు, ఆ మధ్యలో ఏ కాగితం మీద రాసుకోవాలి? పాత పుస్తకంలో ఇంకా పాతిక ముప్ఫై పేజీలు ఉండగానే ఆర్డరు ఇచ్చేయడం ఒక్కటే మార్గం. ఫోన్ చేస్తే ఎత్తడు, మనిషి పోవాల్సిందే. మూడింటికి తక్కువ చేయననేది మాత్రం నాకు అన్యాయంగా అనిపించదు, మిషన్ సెట్ చేసుకునే పని ఒకటికైనా మూడింటికైనా అంతే కదా. మూడోది పక్కింటి ఆమెకు ఇచ్చాను. ఆమె వంటలు రాసుకుంటోంది.

వెళ్లాలనుకునేవాళ్లకు దారి: గాంధీ బొమ్మ సర్కిల్ నుంచి నడిచిపోయేంత దూరమే. బోర్డు మీద పెయింటు పోయి "బైండింగ్" అన్న మాటొక్కటే మిగిలింది, గంజి వాసనను బట్టి కనుక్కోవచ్చు. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు మూసేస్తారు. డబ్బులు ఫోన్లో కొట్టొచ్చు, స్కానర్ ఆయన కొడుకు పేరు మీద ఉంటుంది, కంగారుపడొద్దు. సగం అడ్వాన్సు అడుగుతారు. సైజు నోటితో చెప్పకుండా, ఏ3 షీటును మూడు మడతలు చేయమనండి, వెంటనే అర్థమవుతుంది. రిబ్బన్ కావాలంటే ముందే చెప్పాలి, కుట్టాక పెట్టడు. మార్చిలో పోవద్దు, కొత్త లెక్కల ఏడాదికి లెడ్జర్ల పని ఉంటుంది. జూన్‌లో బడి పిల్లల రికార్డులు. ఫిబ్రవరి లోపో, దసరా అయ్యాకో పోతే ఆయన కూడా నాలుగు మాటలు మాట్లాడతాడు, "రేపు" అన్నది కూడా కాస్త దగ్గర్లోనే వస్తుంది.