స్పేస్ 1999 డీవీడీ సెట్: మొదటి సీజన్ వరకు ఓకే

చర్చ్ స్ట్రీట్ వైపు ఒక సెకండ్ హ్యాండ్ షాపులో దొరికింది, రెండు సీజన్లూ కలిపి 48 ఎపిసోడ్లు. 1975లో మొదలైన బ్రిటిష్ సీరియల్, జెర్రీ ఆండర్సన్, సిల్వియా ఆండర్సన్‌లది. పిక్చర్ బానే ఉంది, ఒక డిస్కు మాత్రం గీతలు పడి ఆగాగి ఆడుతోంది, అడిగితే పాత సరుకు సార్ అంతే అన్నాడు.

కథేంటంటే 1999 సెప్టెంబర్ 13న చంద్రుడి అవతలి వైపు పాతిపెట్టిన అణు చెత్త పేలిపోయి, బేస్‌లో ఉన్న 311 మందితో సహా చంద్రుడు కక్ష్య వదిలేసి ఎటో పోతాడు. అణు చెత్త అలా బాంబులా పేలదు, సరే వదిలేద్దాం. చంద్రుణ్ణి కదిపేంత దెబ్బ పడితే ముందు వాడే ముక్కలవ్వాలి, అదీ వదిలేద్దాం. మా బామ్మర్ది మెకానికల్ చదువుతున్నాడు, టైటిల్స్ అయ్యాయో లేదో "బావా, అవతలి వైపు పేలితే ఇటు మన మీదకే రావాలి కదా" అన్నాడు, నా దగ్గర సమాధానం లేదు.

అన్నిటికన్నా స్పీడు గోల పెద్దది. వారానికో కొత్త గ్రహం వస్తుంది. పక్క నక్షత్రమే 4.2 కాంతి సంవత్సరాల దూరం, సెకనుకి 100 కిలోమీటర్లు పోయినా 12 వేల ఏళ్ళు దాటుతుంది. బ్లాక్ సన్ అనే ఎపిసోడ్‌లో ఒక పెద్ద గెంతు గెంతించారు గానీ మిగతా వారాల సంగతేంటి? పోనీ అంత స్పీడే ఉందనుకుందాం, మరి ప్రతి గ్రహం దగ్గరా దిగి, గొడవపడి, తిరిగొచ్చేదాకా చంద్రుడు ఆటో వెయిటింగ్‌లో పెట్టినట్టు ఎలా ఆగుతాడు?

నాకు ఇవేవీ పెద్దగా అడ్డు రాలేదు, సొంత రూలు తప్పితేనే ఒళ్ళు మండుతుంది. బేస్ బయట అడుగేస్తే గ్రావిటీ తక్కువని స్లో మోషన్‌లో తేలుతుంటారు, తలుపు దాటి లోపలికి రాగానే మన ఆఫీసు కారిడార్‌లో నడిచినట్టు టకటకా నడుస్తారు. బేస్ వాళ్ళు తిరిగే ఈగిల్ షిప్పులు కూలుతూనే ఉంటాయి, స్టాకు తరగదు. ఆ ఈగిల్ మోడల్స్ మాత్రం అదిరిపోయాయి, స్పెషల్ ఎఫెక్ట్స్ చేసిన బ్రయాన్ జాన్సన్ పని, దిగేటప్పుడు లేచే దుమ్ము చూస్తే ఇప్పటికీ నమ్మేస్తాం.

రెండో సీజన్‌లో, బేస్‌లో సైంటిస్టుగా ఉన్న ప్రొఫెసర్ బెర్గ్‌మన్ ఏమయ్యాడో ఒక్క మాట చెప్పకుండా తీసేశారు, బదులుగా మాయా అనే వేరే గ్రహం ఆవిడ వచ్చింది, ఏ జంతువైనా అయిపోతుంది, చిన్న పురుగైనప్పుడు మిగిలిన బరువంతా ఎక్కడ పెడుతుందో ఆవిడకే తెలియాలి.

మొదటి సీజన్ విడిగా దొరికితే అదొక్కటే కొనండి, అది కూడా డిస్కులన్నీ లైటు కింద తిప్పి చూసుకున్నాకే డబ్బులివ్వండి.